వృద్ధాశ్రమాల్లో అంటురోగాలు – కొత్త పరికరాలు

దీర్ఘకాలిక సంరక్షణ ఇచ్చే వృద్ధాశ్రమం పూర్తిగా ఆసుపత్రి కాదు, పూర్తిగా ఇల్లూ కాదు. ఆసుపత్రిలో చేరినవారు నాలుగు రోజులకో పది రోజులకో ఇంటిముఖం పడతారు. ఆశ్రమంలో చేరినవారికి అదే ఇల్లు. ఒక్కో గదిలో ఇద్దరో ముగ్గురో ఏళ్ల తరబడి ఉంటారు. ఒకే హాల్లో భోంచేస్తారు, సాయంత్రం ఒకే టీవీ ముందు చేరతారు. స్నానం చేయించేదీ, అన్నం కలిపి తినిపించేదీ, డైపరు మార్చేదీ చాలాచోట్ల ఒకే ఆయా. ఒక గదిలో పని ముగించి పక్క గదిలో అడుగుపెట్టడానికి ఆమెకు అర నిమిషం చాలు. అంటురోగానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. పైగా అక్కడున్నవారిలో చాలామందికి మధుమేహమో, పక్షవాతమో, గుండెజబ్బో, మతిమరుపో ఉంటుంది. వయసుతోపాటు రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. కొందరికి మూత్రానికి గొట్టం, కొందరికి ముక్కులోంచి ఆహారపు గొట్టం. మంచం పట్టినవారికి వీపు మీద పుండ్లు.

అమెరికాలో నర్సింగ్ హోములు దాదాపు 15,000 ఉన్నాయి. మన ఊళ్లలో ఈ పేరు చిన్న ఆసుపత్రులకు ఉంటుంది గానీ, అక్కడ వృద్ధులూ దీర్ఘరోగులూ ఉండే చోటికే వాడతారు. వాటిలో సుమారు 12 లక్షల మంది ఉంటారు. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా ప్రకారం, నర్సింగ్ హోముల్లోనూ అలాంటి ఇతర సంరక్షణ గృహాల్లోనూ ఏటా 10 లక్షల నుంచి 30 లక్షల దాకా తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తున్నాయి. వాటివల్ల 3,80,000 మంది వరకు చనిపోతున్నారు. ఇవి కోవిడ్‌కు ముందు లెక్కలు. నిమోనియా, ఫ్లూ, మూత్రనాళాల ఇన్ఫెక్షన్లు, విరేచనాలు, చర్మపు పుండ్లు ఈ లెక్కలో పెద్ద భాగం.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసివచ్చింది 2020 ఫిబ్రవరి ఆఖరున. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ పక్కనున్న కిర్క్‌లాండ్ పట్టణంలో ఒక సంరక్షణ గృహంలో కోవిడ్ బయటపడింది. మార్చి 18 నాటికి దానితో ముడిపడిన కేసులు 167. అందులో 101 మంది ఆ గృహంలో ఉండేవారు, 50 మంది సిబ్బంది, 16 మంది చూడవచ్చినవారు. ఒంట్లో బాగాలేకున్నా డ్యూటీకి వచ్చిన సిబ్బంది, ఒకటికి మించిన హోముల్లో పనిచేసేవారు, సరిపడా మాస్కులూ గౌన్లూ లేకపోవడం — వ్యాప్తికి ఇవన్నీ తోడయ్యాయని దర్యాప్తులో తేలింది.

కిర్క్‌లాండ్ ఉన్న కౌంటీలోనే మరో హోములో జరిగిన పరిశీలన ఇంకా ముఖ్యమైనది. అక్కడ జ్వరం, దగ్గు ఉన్నవారికే అని ఆగకుండా అందరికీ పరీక్షలు చేశారు. 76 మందిలో 48 మందికి వైరస్ ఉంది. ఆ 48 మందిలో 27 మందికి పరీక్ష రోజున ఏ లక్షణమూ లేదు. వారిలో 24 మందికి తర్వాతి రోజుల్లో లక్షణాలు వచ్చాయి. అంటే గుమ్మంలో నిలబడి నుదుటికి థర్మామీటరు చూపించే పద్ధతి, కోవిడ్ కాలమంతా దేశదేశాల్లో శ్రద్ధగా పాటించిన ఆ తంతు, సగానికి పైగా కేసులను పట్టుకోలేకపోయేది.

థర్మామీటరు విఫలం కావడానికి ఇంకో కారణమూ ఉంది. ముసలితనంలో శరీరపు సహజ ఉష్ణోగ్రతే కాస్త తక్కువ. నిమోనియా ముదిరినా జ్వరం 100 డిగ్రీలు దాటకపోవచ్చు. అందుకే సంరక్షణ గృహాలకు జ్వరానికి వేరే కొలత పెట్టారు. నోట్లో ఒకసారి చూసినప్పుడు 100 ఫారెన్‌హీట్ దాటినా, మళ్లీ మళ్లీ చూసినప్పుడు 99 దాటుతూ ఉన్నా, ఆ మనిషికి మామూలుగా ఉండే దానికంటే 2 డిగ్రీలు పెరిగినా జ్వరం కిందే లెక్క. ఈ మూడో కొలత కావాలంటే ఆ మనిషికి మామూలు ఎంతో ముందే తెలిసి ఉండాలి. నిమిషానికి ఊపిరి 25 సార్లు దాటడం, ఆక్సిజన్ 94 శాతం కంటే పడిపోవడం, ఉన్నట్టుండి మాట తడబడటం, ఎదురుగా ఉన్నవారిని పోల్చుకోలేకపోవడం కూడా ఇన్ఫెక్షన్ గుర్తులే. వృద్ధుల్లో ఎన్నోసార్లు మొదట కనిపించేది ఈ మతి చెదరడమే.

ఈ మార్పును అందరికంటే ముందు పసిగట్టేది ఆయా. 'మామ్మగారు పొద్దున్నుంచీ అదోలా ఉన్నారు, ఇడ్లీ ముట్టుకోలేదు' అని ఆమె అంటుంది. బీపీ, జ్వరం సరిగ్గానే ఉండటంతో నర్సు దాన్ని పెద్దగా పట్టించుకోదు. 2000 సంవత్సరంలో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఈ మాట విలువను లెక్కగట్టింది. సహాయకులు గమనించి రాసిన మార్పులు, అదే జబ్బు కేస్ షీటులోకి ఎక్కడానికి సగటున 5 రోజుల ముందే ఉన్నాయి. ఫ్లూ అయినా నిమోనియా అయినా, ఒక హోము మొత్తాన్ని చుట్టేయడానికి 5 రోజులు చాలు. సంరక్షణ గృహంలో ఏ కొత్త పరికరాన్నయినా ఈ 5 రోజుల మీద పెట్టి తూచడం న్యాయం. ఆ వ్యవధిని అది ఎంత తగ్గిస్తుంది, అందుకు సిబ్బంది చేతులకు ఎంత పని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

ఆ తూకానికి బాగా నిలిచేవి పరుపు కింద పనిచేసే సెన్సర్లు. జపాన్‌లో పారామౌంట్ బెడ్ సంస్థ తయారుచేసే నెమురి స్కాన్ అలాంటిది. పరుపు కింద పలకలా పరిచి ఉంటుంది. ఒంటికి ఏదీ తగిలించనక్కర్లేదు. పడుకున్న మనిషి శరీరం నుంచి వచ్చే సన్నని కదలికలను బట్టి ఊపిరి వేగం, గుండె వేగం, నిద్ర, మంచం దిగడం రికార్డు చేస్తుంది. మామూలుగా నిమిషానికి 16 సార్లు ఊపిరి తీసుకునే పెద్దాయన వరసగా రెండు రాత్రులు 22 సార్లు తీసుకుంటే, ఉదయం దగ్గు మొదలవకముందే నర్సు దగ్గరున్న తెర మీద అది కనిపిస్తుంది. రాత్రిపూట ఊపిరి లెక్కపెట్టే పని మనుషులు ఎక్కడా సరిగ్గా చేయరు. కేస్ షీట్లలో అందరికీ 18 అనో 20 అనో రాసేయడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. ఇక్కడ యంత్రం మనిషి చేస్తున్న పనిని లాక్కోలేదు, అసలు జరగని పనిని చేస్తోంది.

చేతికి కట్టే పట్టీలకు ఇంత నమ్మకం లేదు. మతిమరుపు ఉన్నవారు వాటిని విప్పేస్తారు, కొందరు నమిలేస్తారు. ముడతలు పడ్డ పలుచని చర్మం ఒరుసుకుపోయి పుండు పడితే, ఇన్ఫెక్షన్ కోసం కట్టిన పట్టీయే ఇన్ఫెక్షన్ తెస్తుంది.

వేలికి తగిలించే ఆక్సీమీటరు కథ వేరు. టకువో అయోయాగి అనే జపాన్ ఇంజనీరు 1970ల తొలి ఏళ్లలో కనిపెట్టిన సూత్రం మీద పనిచేసే ఈ పరికరం కోవిడ్ కాలంలో తెలుగు ఇళ్లలోకీ వచ్చేసింది. చవకైనది, కొన్ని క్షణాల్లో లెక్క చెబుతుంది. అయితే 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు ప్రచురించిన లెక్కల ప్రకారం, రక్తంలో ఆక్సిజన్ నిజంగా తగ్గిపోయినా యంత్రం సరిగ్గానే ఉందని చూపించడం తెల్లవారికంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగింది. చర్మపు రంగు చిక్కబడేకొద్దీ వెలుతురు లెక్క తప్పుతుంది. చామనఛాయ, నలుపు మేనిఛాయలే ఎక్కువగా ఉన్న తెలుగు నేల మీద ఈ హెచ్చరికను పక్కన పెట్టడానికి వీల్లేదు. ఒక్కసారి చూసిన 95ని నమ్మి ఊరుకోకుండా, ఆ మనిషికి నిన్నా మొన్నా ఎంత ఉండేదో చూసుకోవడమే మేలు. అందరికీ వర్తించే గీత కంటే ఎవరి గీత వారికి గీయడమే వృద్ధుల విషయంలో పనికొస్తుంది.

ఈ లెక్కలన్నీ ఒకచోట చేర్చి, ఎవరికి జబ్బు రాబోతోందో ముందే చెప్పే కంప్యూటరు ప్రోగ్రాములు కూడా వచ్చాయి. వాటితో ఒక చిక్కుంది. 60 మంది ఉన్న హోములో రాత్రి డ్యూటీకి ఒక నర్సు, ఇద్దరు ఆయాలు ఉంటే, గంటకు పది హెచ్చరికలు మోగే యంత్రాన్ని రెండో వారంలో ఎవరో ఒకరు మూగ చేసేస్తారు. తక్కువ మోగుతూ, మోగినప్పుడు నిజమయ్యే యంత్రమే నిలుస్తుంది. ఫ్లోరిడాలో వైద్యుడు జోసెఫ్ అవుస్లాండర్ నాయకత్వాన రూపొందిన ఇంటరాక్ట్ కార్యక్రమంలో ఇంకా సులువైన మార్గం ఉంది. మాట తగ్గిందా, తిండి తగ్గిందా, నడక మారిందా, మగతగా ఉన్నారా వంటి ప్రశ్నలతో ఒక చిన్న చీటీ సహాయకుల చేతికిస్తారు. దాన్నే ఫోనులో పెట్టి, తెలుగులో నాలుగు బొమ్మల మీద వేలు నొక్కితే నర్సుకు చేరేలా చేయవచ్చు. చదువు అంతగా లేని ఆయా కూడా వాడగలుగుతుంది. ఆమె కళ్లు చూసినదాన్ని కేస్ షీటు దాకా మోసే సాధనం ఇదే గనక ఖరీదైన సెన్సర్ల కంటే దీనికే ముందు చోటివ్వాలి.

జబ్బు అనుమానం వచ్చాక తేల్చేది పరీక్ష. 2020 ఆగస్టులో అమెరికా అనుమతించిన 15 నిమిషాల కోవిడ్ కార్డు పరీక్షలను అక్కడి ప్రభుత్వం 15 కోట్లు కొని, వాటిలో పెద్ద మొత్తాన్ని సంరక్షణ గృహాలకు పంపింది. ఇప్పుడు ఒకే పుల్లతో ముక్కులోంచి తీసిన నమూనాలో ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ (మరో శ్వాసకోశ వైరస్) మూడింటినీ గంటలోపే చెప్పే చిన్న యంత్రాలున్నాయి. ఏ వైరస్సో అదే పూట తెలిస్తే, ఫ్లూ అయినవారి గదిలో ఉన్నవారికి ఆ రోజే మందు మొదలుపెట్టవచ్చు.

పరీక్ష ఎక్కువైతే నష్టమూ ఉంది. దానికి మూత్ర పరీక్ష మంచి ఉదాహరణ. దీర్ఘకాలం సంరక్షణ గృహాల్లో ఉండే ఆడవారిలో 25 నుంచి 50 శాతం మందికి, మగవారిలో 15 నుంచి 40 శాతం మందికి మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది గానీ జబ్బు ఉండదు. మంటా జ్వరమూ ఏదీ లేకపోయినా 'వాసన వస్తోంది' అని పరీక్షకు పంపితే రిపోర్టు పాజిటివ్ వస్తుంది, వెంటనే యాంటీబయోటిక్ మొదలవుతుంది. అమెరికా నర్సింగ్ హోముల్లో ఏడాదిలో 50 నుంచి 70 శాతం మందికి ఏదో ఒక యాంటీబయోటిక్ పడుతుందనీ, అందులో 40 నుంచి 75 శాతం అనవసరమో అనుచితమో అనీ సీడీసీ చెబుతుంది. ఆ మందు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను ఊడ్చేశాక క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి తలెత్తి, ప్రాణం మీదకు తెచ్చే విరేచనాలు మొదలవుతాయి. ఇక్కడ ఉపయోగపడే సాంకేతికత వేరే రకం. లక్షణాలు లేకుండా మూత్ర పరీక్ష రాయబోతే కారణం అడిగి ఆపే సాఫ్ట్‌వేర్ ఒకటి. పొట్ట మీద ఆనించి మూత్రాశయంలో ఎంత మూత్రం నిలిచిందో చెప్పే చిన్న అల్ట్రాసౌండ్ స్కానర్ ఇంకొకటి. ఆ స్కానర్ ఉంటే, నిలిచిందో లేదో తెలియక గొట్టం వేసేయడం తప్పుతుంది. గొట్టం లేకపోతే గొట్టంవల్ల వచ్చే ఇన్ఫెక్షనూ లేదు.

ఇక గాలి. కోవిడ్, ఫ్లూ, క్షయ మూడూ గాలిలో తేలే తుంపరల ద్వారా వ్యాపించేవే. గదిలో ఒకరు వదిలిన ఊపిరి మరొకరు ఎంత పీలుస్తున్నారో చెప్పే కొలమానం కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో అది పది లక్షల భాగాలకు 420 పైచిలుకు. మనిషి వదిలే ఊపిరిలో సుమారు 40,000. గదిలో మీటరు 800 లోపు చూపిస్తే గాలి బాగా మారుతున్నట్టు, 1,500 దాటితే మారనట్టు అనుకోవచ్చు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎండాకాలంలో ఇద్దరు పెద్దలున్న గదికి తలుపులు, కిటికీలు బిగించి రాత్రంతా స్ప్లిట్ ఏసీ వేస్తే, తెల్లవారేసరికి మీటరు 2,000 చూపించడం మామూలే. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిరిగి వదులుతుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు. గది చల్లగా, హాయిగా ఉంటుంది గనక ఎవరికీ అనుమానం రాదు. ఆ మీటరు ఖరీదు కొన్ని వేల రూపాయలు. అసలు కార్బన్ డయాక్సైడ్‌ను కొలవకుండా ఏవో వాసనలను బట్టి అంకె వేసే చవక రకాలు బజారులో చాలా ఉన్నాయి, వాటితో పనిలేదు.

గంటకు కనీసం 5 సార్లు గదిలోని గాలి మారాలని, అంతకు సమానంగా శుభ్రపడినా సరేనని సీడీసీ 2023 మేలో చెప్పింది. అదే ఏడాది గాలి ద్వారా వచ్చే అంటురోగాల కోసం, భవనాల గాలికి ప్రమాణాలు రూపొందించే ఆష్రే సంస్థ 241వ నంబరు ప్రమాణాన్ని తెచ్చింది. గాలి మార్చడానికి అన్నిటికంటే పాత సాధనం కిటికీ. పెరూ రాజధాని లిమాలో పాతకాలపు ఆసుపత్రి వార్డులను కొలిచి చూస్తే, ఎత్తయిన కప్పుల కింద పెద్ద కిటికీలు తెరిచి ఉన్నప్పుడు గంటకు సుమారు 40 సార్లు గాలి మారింది. గాలి ద్వారా అంటే రోగాలున్నవారిని ఉంచే గదుల్లో యంత్రాలతో ఉండాలని చెప్పే ప్రమాణం 12. కిటికీ తెరవలేని వేసవి మధ్యాహ్నం, దుమ్ము, దోమలు ఉన్న చోట హెపా ఫిల్టరు ఉన్న యంత్రం కావాలి. 0.3 మైక్రాన్ల కణాలను అది 99.97 శాతం పట్టేస్తుంది. 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోజెంతాల్ అనే ఇద్దరు అమెరికన్లు మామూలు ఫ్యానుకు నాలుగు వైపులా ఫిల్టర్లు టేపుతో అంటించి చేసిన పెట్టె కూడా ఖరీదైన యంత్రాలకు దగ్గరగా పనిచేస్తుంది. చూడ్డానికి ముతకగా ఉంటుంది, రొద కూడా ఎక్కువే. ఆ రొదకే పెద్దలు నిద్రపట్టక స్విచ్ ఆపేస్తారు. కాబట్టి యంత్రం ఎంత శుభ్రం చేస్తుందో చూసినంత శ్రద్ధగా ఎంత చప్పుడు చేస్తుందో కూడా చూడాలి.

గాలికి అతినీలలోహిత కాంతి మరో మందు. 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఈ కాంతి క్రిముల జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. కళ్లకు, చర్మానికి హాని చేస్తుంది గనక మనుషుల తలల పైభాగంలో, గోడకు ఎత్తుగా బిగించి కప్పు వైపే ప్రసరించేలా పెడతారు. సీలింగ్ ఫ్యాను గాలిని కిందికీ పైకీ కలుపుతూ ఉంటే ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. ఇది క్షయ వార్డుల్లో ఎన్నో దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. మరి వృద్ధుల హోముల్లో? దక్షిణ ఆస్ట్రేలియాలో నాలుగు సంరక్షణ గృహాల్లో రెండేళ్లకు పైగా దీన్ని పరీక్షించారు. కొన్ని వారాలు దీపాలు వెలిగించి, కొన్ని వారాలు ఆపి నడిపారు. 2025లో వెలువడిన ఫలితం మిశ్రమం. ముందుగా అనుకున్న ప్రధాన కొలమానంలో గణాంకపరంగా తేడా తేలలేదు. మొత్తం శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు మాత్రం సుమారు 12 శాతం తగ్గినట్టు మరో లెక్కలో కనిపించింది. దీపాలు ఉన్నది ఉమ్మడి హాళ్లలో. పెద్దలు పడుకునేది గదుల్లో. అమ్మకందారులు 99.9 శాతం అని చెప్పేది ప్రయోగశాలలో పెట్టెలో బంధించిన క్రిముల గురించి. మనుషులు తిరిగే భవనంలో 12 శాతం వచ్చినా మంచిదే, దాన్ని 99గా చెప్పి అమ్మకపోతే.

అదే కాంతిని గది గదికీ తిప్పే రోబోల సంగతి ఇంకోలా ఉంది. అమెరికాలో 9 ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద ప్రయోగం 2017లో వెలువడింది. మామూలు శుద్ధికి ఈ కాంతిని జోడించిన గదుల్లో తర్వాత చేరినవారికి మొండి క్రిములు అంటడం 30 శాతం తగ్గింది. అయితే రోబో పనిచేయాలంటే గది ఖాళీగా ఉండాలి. ఆసుపత్రిలో రోగి డిశ్చార్జి అయితే గది ఖాళీ అవుతుంది. ఆశ్రమంలో డిశ్చార్జి ఉండదు. మంచం మీద నుంచి కదల్లేని మనిషిని రోజూ అరగంట వరండాలో పెట్టి గదిలో దీపం తిప్పడం కుదిరే పని కాదు. ఆసుపత్రిలో గెలిచిన యంత్రం ఆశ్రమంలో మూలనపడటానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

చేతుల శుభ్రతకు వచ్చిన పరికరాల్లో శానిటైజర్ డబ్బాకు, సిబ్బంది మెడలోని బిళ్లకు ముడిపెట్టినవి ఎక్కువ. గదిలోకి వెళ్తూ చేతులు తుడుచుకోకపోతే బిళ్ల సన్నగా వణుకుతుంది. వీటి అవసరాన్ని చెప్పే చక్కని లెక్క ఒకటి కెనడా ఆసుపత్రి నుంచి 2014లో వచ్చింది. పరిశీలకులు కంటికి కనిపించేలా నిలబడి ఉన్నప్పుడు సిబ్బంది చేతులు శుభ్రం చేసుకోవడం, ఎవరూ చూడనప్పటికంటే దాదాపు మూడు రెట్లు ఉంది. తనిఖీ నాటి 90 శాతాన్ని నమ్మితే మోసపోయినట్టే. ఎలక్ట్రానిక్ లెక్క ఆ బొంకును బయటపెడుతుంది. అయితే ఆ లెక్కను జీతాల కోతకు వాడిన చోట బిళ్లలు డ్రాయరులో నిద్రపోతాయి. ఇంకో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఆల్కహాల్ శానిటైజరు క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ బీజాలను చంపదు, విరేచనాల రోగి దగ్గర సబ్బూ నీళ్లే దిక్కు. మతిమరుపు ఉన్నవారు తిరిగే చోట డబ్బా గోడకు ఉంటే, దాన్ని తాగేసే ప్రమాదమూ ఉంది. సిబ్బంది జేబుల్లో చిన్న సీసాలు ఉండటం అక్కడ మేలు.

రాగి తొడుగులున్న తలుపు పిడులు, చేతికర్రలు కూడా ఈ జాబితాలో చేరాయి. రాగి ఉపరితలం మీద బ్యాక్టీరియా రెండు గంటల్లో చాలావరకు చస్తుందని 2008లోనే అమెరికా పర్యావరణ సంస్థ అంగీకరించింది. రాగిచెంబు నీళ్లు తాగిన ఇళ్లవారికి ఇది కొత్త కాదు. కానీ మధ్యలో రెండు గంటలు తాకకుండా ఉండే తలుపు పిడి హోములో ఎక్కడుంటుంది?

నీళ్ల విషయం వృద్ధాశ్రమాల్లో తరచూ మరిచిపోతారు. 2005లో టొరంటోలోని సెవెన్ ఓక్స్ వృద్ధుల గృహంలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల 23 మంది పెద్దలు చనిపోయారు. మూలం భవనం కూలింగ్ టవరు. ఈ క్రిమి 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ గోరువెచ్చని నీళ్లలో పెరుగుతుంది. నీటి ఆవిరి, తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే వేడినీటిని 60 డిగ్రీల వద్ద నిల్వచేసి, ఒళ్లు కాలకుండా కుళాయి దగ్గర చల్లనీటితో కలుపుతారు. పైపుల్లో ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు పంపే చిన్న సెన్సర్లు, వాడని కుళాయిని తనంతట తానే వారానికోసారి వదిలే వాల్వులు ఇప్పుడు ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు రోజంతా ఆ 20–45 డిగ్రీల మధ్యే ఉంటాయి. ఖాళీ గదిలో నెలల తరబడి తిప్పని షవరు ఉంటే చెప్పనక్కర్లేదు. ట్యాంకులో ఒక థర్మామీటరు, ఖాళీ గదుల షవర్లను వారం వారం వదిలే పట్టిక ఒకటి — ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

మురుగునీటిలో వైరస్ జాడ చూసి ముందే పసిగట్టడం కాలేజీ హాస్టళ్లలో బాగా పనిచేసింది. 2020 ఆగస్టులో అరిజోనా విశ్వవిద్యాలయం ఒక హాస్టల్లో ఇలాగే వ్యాప్తిని ఆపింది. వృద్ధాశ్రమాల్లో దీనికి అడ్డు డైపరు. మంచం పట్టినవారి మలమూత్రాలు డ్రైనేజీకి కాకుండా చెత్తబుట్టకు పోతాయి. పరీక్షకు వచ్చేది ఎక్కువగా సిబ్బందిది, నడవగలిగినవారిది.

రోగాన్ని ఒక హోము నుంచి మరో హోముకు మోసేది సిబ్బంది రాకపోకలు. 2020లో కొన్ని కోట్ల స్మార్ట్‌ఫోన్ల స్థానాలను పేరు లేకుండా విశ్లేషించిన అమెరికా పరిశోధకులకు, ఒక నర్సింగ్ హోముకు వెళ్లిన ఫోన్లలో 5.1 శాతం మరో హోముకూ వెళ్లినట్టు తేలింది. సందర్శకులను నిషేధించాక కూడా అంతే. ఒక్కో హోము సగటున మరో 7 హోములతో ఇలా ముడిపడి ఉంది. జీతం చాలక రెండు చోట్ల పనిచేసేవారే ఇందులో ఎక్కువ. ఫోను ఈ దారిని చూపించగలిగింది గానీ మూయలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2020 మార్చి చివర సిబ్బంది ఒకే హోములో పనిచేయాలని ఆదేశించి, పోయిన ఆదాయానికి తగ్గట్టు జీతాలు సవరించింది. మూసింది ఆ జీతమే.

పరికరాలన్నిటినీ పోల్చి చూడటానికి రెండు సాదా పనులు గీటురాళ్లుగా ఉన్నాయి. ఒకటి పళ్లు తోమడం. జపాన్‌లో 11 నర్సింగ్ హోముల్లో 417 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ప్రతి భోజనం తర్వాత సహాయకులు నోరు శుభ్రం చేశారు. రెండేళ్లలో నిమోనియా వచ్చినవారు ఆ వర్గంలో 11 శాతం, రెండో వర్గంలో 19 శాతం. నోట్లో పేరుకున్న క్రిములు పొలమారినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోవడమే దీనికి మూలం. రెండోది స్నానం. కాలిఫోర్నియాలో 28 నర్సింగ్ హోముల్లో సగం చోట్ల మామూలు సబ్బుకు బదులు క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం చేయించి, ముక్కులో పోవిడోన్ అయోడిన్ రాశారు. ఆసుపత్రికి పంపినవారిలో ఇన్ఫెక్షన్ కారణంగా పంపినవారి వాటా 62.9 శాతం నుంచి 52.2 శాతానికి తగ్గింది. 2023లో ఈ ఫలితం వచ్చింది. టీకాలూ ఈ కోవలోవే: పెద్దలకూ సిబ్బందికీ ఏటా ఫ్లూ టీకా, అమెరికాలో 2023 మేలో 60 దాటినవారికి తొలిసారి అనుమతి పొందిన ఆర్‌ఎస్‌వీ టీకా. లక్షలు పోసి కొన్న యంత్రం టూత్‌బ్రష్‌తో పోటీకి నిలవగలదా అన్నది హోము యజమానులు అమ్మకందారును నిస్సంకోచంగా అడగవచ్చు.

భారతదేశంలో 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొక వృద్ధాశ్రమం ఉండాలని, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండాలని చెబుతుంది. చట్టంలో వసతి గురించి ఉన్నంత స్పష్టంగా ఇన్ఫెక్షన్ల గురించి లేదు. అమెరికాలో ప్రతి నర్సింగ్ హోములో కనీసం పార్ట్‌టైముగానైనా ఇన్ఫెక్షన్ల నివారణకు శిక్షణ పొందిన ఒక మనిషి ఉండాలన్న నిబంధన 2019 నవంబరు నుంచి అమల్లో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండగా తల్లిదండ్రులు చేరుతున్న ప్రైవేటు గృహాలు పెరుగుతున్నాయి. అక్కడికి పరికరాలు మొదట కెమెరాల రూపంలో వస్తున్నాయి, వాటివల్ల ఇన్ఫెక్షన్ తగ్గదు. ఊపిరి వేగం, నిద్ర, బాత్రూముకు వెళ్లిన వేళలు కూడా ఒక మనిషి ఆంతరంగిక విషయాలే. అవి నర్సుకు వెళ్లాలా, డల్లాస్‌లో ఉన్న కొడుక్కీ వెళ్లాలా అన్నది మతి సరిగ్గా ఉన్న పెద్దవారిని అడిగే తేల్చాలి. మతిమరుపు ముదిరినవారి విషయంలో కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

పరిమితమైన డబ్బుతో మొదలుపెట్టే 50 పడకల ఆశ్రమానికి క్రమం కష్టం కాదు. ఆక్సీమీటర్లు, థర్మామీటర్లు, ప్రతి ఒక్కరికీ 'మామూలు' అంకెలు రాసిన కార్డు ముందు రావాలి. ఆయాల మాట నర్సుకు చేరే ఫోను పద్ధతి, రెండు మంచి కార్బన్ డయాక్సైడ్ మీటర్లు, ఏసీ గదులకు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆ తర్వాత. భోజనాల హాలుకు గాలి ఫిల్టర్లు. అప్పటికీ డబ్బు మిగిలితే, తరచూ నిమోనియా వచ్చేవారి మంచాలకు సెన్సర్లు.

కొన్న తర్వాతి ఖర్చు కొనుగోలు కాగితాల్లో కనిపించదు. 254 నానోమీటర్ల దీపం ఆయుష్షు సుమారు 9,000 గంటలు, అంటే రాత్రీపగలూ వెలిగితే ఏడాది. ఆ తర్వాత కూడా నీలంగా వెలుగుతూనే ఉంటుంది, క్రిములను చంపే శక్తి మాత్రం తగ్గిపోతుంది. హెపా ఫిల్టరు మూసుకుపోతే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. ఆక్సీమీటరు బ్యాటరీ నీరసిస్తే అంకె తప్పు చూపవచ్చు. దీపం మార్చే తేదీని దీపం పక్కనే గోడ మీద రాసిపెట్టి, ఫిల్టర్లకు, బ్యాటరీలకు ఏటా అయ్యే మొత్తాన్ని యంత్రం ధరతో కలిపి ఒప్పందంలోనే రాయించుకోవాలి.